టీవీలో మా ముందుగది

ఒడిశాలోని రాయగడ బజారులో ఊరందరికీ కుక్కర్లు అమ్మేవాణ్ణి నేను. దొంగ మాత్రం నా కొట్టు జోలికి రాకుండా నేరుగా నా ఇంటికే వచ్చి కుక్కరు ఎత్తుకుపోయాడు. ఖాళీది కూడా కాదు, అప్పుడే దించిన పప్పుతో సహా. వారం రోజులపాటు కొట్టు ముందు నుంచి వెళ్లిన ప్రతివాడూ ఎన్ని విజిల్స్ వచ్చాక పోయిందని అడిగాడు. అడగనివాళ్లకి నేనే చెప్పాను. దొంగ తెలివైనవాడు, మా కొట్లో కొత్తవాటికి మూతలు సరిగ్గా పట్టవని తెలుసు, అందుకే మేం వాడి చూసినదాన్నే పట్టుకుపోయాడని.

నా పద్ధతే అంత. ఎవడో నవ్వేలోపల నేనే నవ్వించేస్తాను. ఆరో తరగతిలో బడి మానేశాను. నువ్వు మానెయ్యలేదు, బడే నిన్ను మానేసిందనేవారు మా మేష్టారు. ఆ మాట కూడా ఆయనకంటే నేనే ఎక్కువమందికి చెప్పాను.

కుక్కరు పోయిన పది రోజులకి నా స్నేహితుడు కొట్టుకి వచ్చాడు. వాడిది కేబుల్ టీవీ వ్యాపారం. మా కొట్టు వెనక సందులో మా ఇల్లు, మా ఇంటికి ఎదురుగా మేడ మీద వాడి కేబుల్ గది. మా ఇద్దరి తాతలూ ఒకే రైలు దిగి ఈ ఊరు వచ్చారంటారు. వాడు పది పాసై, సునాబెడలో కొన్నాళ్లు రిపేరు పని నేర్చుకుని వచ్చాడు. తీగ కనిపిస్తే వాడి చేతులు ఊరుకోవు.

"ఒరే, ఇంట్లో ఓ కన్నెట్టుకోరా," అన్నాడు. "కొట్లో కూకునే ఇల్లు సూసుకోవచ్చు. వైరు లాగక్కర్లేదు, గాల్లోనే వచ్చేస్తాది బొమ్మ, మాటతో సహా."

వైజాగ్ నుంచి రెండు సెట్లు తెప్పించాడు. ఒకటి నాకు, ఒకటి వాడి గది మెట్ల దగ్గర పెట్టుకోవడానికట. కెమెరా బొటనవేలంత ఉంది, వెనక ఎలక తోకంత ఏరియలు. మా ముందుగదిలో దేవుడి పటం పైన మేకుకి దాన్ని కట్టి, ప్లగ్గులో పెట్టాడు. కొట్లో నా పాత చిన్న టీవీకి ఓ డబ్బా తగిలించాడు. మీట నొక్కగానే అందులో మా ముందుగది కనిపించింది. మా చాప, మా బీరువా అద్దం, వంటింటి గుమ్మం, ఆ గుమ్మంలో చీపురు పట్టుకుని మా ఆవిడ. వీధిలో ఎవరైనా మిక్సీ వేస్తే తెర మీద మా గదిలో వాన కురిసేది. అంతకుమించి లోపం లేదు.

నాకు ఒక్క నమ్మకం ఉండేది, టీవీ ఆపితే కెమెరా కూడా కన్ను మూస్తుందని. రేడియో కట్టేస్తే అవతల పాడేవాడు కూడా ఊరుకుంటాడనుకునే రకం నేను. మధ్యాహ్నం ఒంటిగంటకి కొట్టు మూసేటప్పుడు మరిచిపోకుండా టీవీ ఆపేవాణ్ణి. పాపం, దానికీ భోజనం టైమే కదా అని.

దొంగ మళ్లీ రాలేదు. దొంగ లేని కెమెరాతో ఏం చెయ్యాలి? బేరాలు లేనప్పుడు కామెంటరీ చెప్పడం మొదలుపెట్టాను. టీవీని కొట్టు లోపలికి కాకుండా బజారు వైపు తిప్పాను. మా ఆవిడ మా అమ్మాయికి తల దువ్వుతుంటే యుద్ధం మొదలైందనేవాణ్ణి. కొత్త చీర కట్టుకుని బీరువా అద్దం ముందు రెండుసార్లు తిరిగితే, చూడండి, ఇంకో చుట్టు తిరిగితే ప్రదక్షిణ పూర్తవుతుందనేవాణ్ణి. ఓ రోజు చాప మీద నోరు తెరుచుకుని కునుకు తీసింది. ఈగలకి లాడ్జి తెరిచారన్నాను. దామంజోడి నుంచి గిన్నెలు కొనడానికి వచ్చిన వాళ్లు బల్ల మీద కొట్టి నవ్వారు. లక్ష్మీపూర్ నుంచి పెళ్లి సామానుకి వచ్చిన ఆడవాళ్లు కూడా నవ్వారు. వాళ్లలో ఒకావిడ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, టీవీ వైపు కాకుండా నా వైపు చూసింది. నవ్వు ఆపుకోలేక అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకి మా ఆవిడ ముందుగదిలో కనిపించడం తగ్గింది. బియ్యం ఏరడం పెరట్లోకి మారింది. కునుకు వంటింట్లోకి మారింది. ఎండలు కదా, చల్లటి చోటు చూసుకుందనుకున్నాను. కొట్లో మాత్రం, హీరోయిన్ డేట్లు ఇవ్వడం లేదని చెప్పాను. దానికీ నవ్వారు.

అప్పుడే మా అమ్మాయి బడి నుంచి ఎగురుకుంటూ వచ్చి నా కొంప ముంచింది. వాళ్ల బడి వార్షికోత్సవంలో తల్లిదండ్రుల తరఫున ఒకరు ముఖ్య అతిథికి ఒడియాలో సన్మాన పత్రం చదివి ఇవ్వాలట. మా నాన్న బాగా మాట్లాడతాడని చెప్పి నా పేరు ఇచ్చేసింది. మాట్లాడటం నిజమే. బజారు ఒడియా, కొండ మనుషులతో దేశియా, గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాను. ఒడియా చదవడం మాత్రం ఒక్క అక్షరం రాదు. నాకు తెలుగు వరకే. రోజూ పొద్దున్నే కొట్లో ఒడియా పేపరు తిరగేస్తాను కదా, అందుకని అది నాకు వచ్చనుకుంది. నేను బొమ్మలు చూస్తున్నానని దానికేం తెలుసు?

ఈ సంగతి ఊళ్లో తెలిసినవాడు ఒక్కడే, ఆ స్నేహితుడు. పదిహేనేళ్లుగా నాకొచ్చే ఒడియా కాగితాలు వాడే చదివిపెట్టాడు. నలుగురిలో ఎవరైనా కాగితం నా చేతికిస్తే, కళ్లద్దాలు మరిచాను, నువ్వు చదవరా అనేవాణ్ణి. వాడు చదివేవాడు. నాకు కళ్లద్దాలే లేవని ఏనాడూ ఎవరితోనూ అనలేదు. నేను బజారులో ఎవడినైనా ఏదైనా అనగలిగానంటే, తిరిగి అనడానికి వాళ్ల చేతిలో ఏమీ లేకపోబట్టే. అది వాళ్లకి దొరికితే నా నోరు మూతపడినట్టే.

రానని చెబితే అయిపోయేది. కాని మా అమ్మాయి మొహం చూసి సరేనన్నాను. పత్రాన్ని అద్దాల ఫ్రేములో బిగించి, చదివాక అతిథి చేతికే ఇవ్వాలి, కాబట్టి తెలుగులో రాసుకుని గట్టెక్కే దారి లేదు. బట్టీ పడదామనుకున్నాను. మధ్యాహ్నం బడి అయిపోయి అది ఇంటికి రాగానే, ముందుగదిలో చాప మీద అది చెప్పడం, నేను అప్పగించడం. మూడో రోజున లేచి నిలబడి, నకలు కాగితం రెండు చేతులా పట్టుకుని, "మాన్యవర సభాపతి మహోదయ" దగ్గర మొదలుపెట్టి చివరిదాకా గడగడా చదివేశాను. చప్పట్లు కొడుతుందేమోనని చూశాను.

"నాన్నా, కాగితం తల్లకిందులుగా పట్టుకున్నావు," అంది.

దానికి సంగతి అర్థమైంది. నవ్వలేదు. బీరువా మీంచి చిన్నప్పటి పలక దించింది. మర్నాటి నుంచి అసలు చదువు. ఒడియా అక్షరాలన్నీ కోరాపుట్ వానల్లో బయల్దేరిన జనంలా తలో గొడుగూ వేసుకుని ఉంటాయి. గొడుగు కింద ఉన్నవాడు ఎవడో పోల్చుకోవడమే చదువంటే. పోల్చుకోలేకపోతే స్కేలుతో వేళ్ల మీద కొట్టేది. నన్ను బడి మానెయ్యనివ్వని మేష్టారు ఆ వయసులో దొరికింది.

ఓ సాయంత్రం టీ బడ్డీ దగ్గర ఎప్పటిలా అందరం చేరాం. నా స్నేహితుడు బల్ల మీద పేపరు తీసి తల్లకిందులుగా పట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, అచ్చం నా గొంతుతో "మాన్యవర సభాపతి మహోదయ" అన్నాడు. బడ్డీ అంతా ఒక్కసారి గొల్లుమంది. ఆ నవ్వు కొత్తది కాదు. ముందే ఓసారి నవ్వుకుని, మళ్లీ నవ్వుతున్న నవ్వు.

నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. నవ్వకపోతే తగిలినట్టు తెలిసిపోతుంది. టీ గ్లాసు మాత్రం సగంలో వదిలేశాను.

నాకు చదవడం రాదని వాడికి తెలుసు, సరే. కాగితం తిరగబడిన సంగతి మా ఇంటి గోడల మధ్య జరిగింది. అది మా ముగ్గురికే తెలుసు. మా ఆవిడ బయట మాట్లాడే మనిషి కాదు. ఇంటికి వచ్చి మా అమ్మాయిని నిలబెట్టి అడిగాను.

"నాను ఎవురికీ సెప్పలేదు నాన్నా."

"మరైతే గోడలు సెప్పేయేటి?" అన్నాను.

అది పలకని గౌను అంచుతో తుడిచి బీరువా మీద పెట్టేసింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూశాను కాని ఇంట్లోకి వెళ్లబుద్ధి కాలేదు. మా ఇంట్లో పొద్దుటి నుంచీ కేబుల్ రావడం లేదు, అది చెప్పినట్టూ ఉంటుంది, కాసేపు వాడి దగ్గర కూర్చున్నట్టూ ఉంటుందని ఎదురు మేడ ఎక్కాను. మనసు బాగోనప్పుడు నేను వెళ్లేది వాడి దగ్గరికే. గది తలుపు లోపల గడియ పెట్టి ఉంది. లోపల నవ్వులు. తలుపు కొడితే వాడే తీశాడు. తీసి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వాడు పొట్టివాడు, నేను పొడుగు. వాడి తల మీదుగా అంతా కనిపించింది.

వరసగా చిన్న చిన్న టీవీలు. ఒకదాంట్లో సినిమా, ఒకదాంట్లో వార్తలు. అన్నిటికంటే కింది దాంట్లో మా ముందుగది. చాప మీద మా అమ్మాయి ఒళ్లో కాగితం పెట్టుకుని కూర్చుని ఉంది. పలక తియ్యలేదు. వీధి గుమ్మం వైపు చూస్తోంది. అది నేను వచ్చే వేళ.

టీవీ ముందు బడ్డీ దగ్గరి మనుషులు ముగ్గురు. మధ్యలో పళ్లెం నిండా వేరుశెనగ తొక్కలు. పళ్లెం మా కొట్లోదే.

ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. బిగించిన రోజు నుంచీ అన్నాడు. రెండో సెట్టు డబ్బా కూడా నా కెమెరా బొమ్మనే పట్టిందట, వాడు కావాలని చేసింది కాదట, పట్టాక ఆపబుద్ధి కాలేదట.

"నాను టీవీ కట్టేసే కదరా ఇంటికి వస్తన్నాను," అన్నాను.

ముగ్గురూ నవ్వారు. వాడు మాత్రం, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "నీ టీవీ కట్టేస్తే నాదెందుకు ఆగుద్దిరా? కెమెరా ప్లగ్గులోనే ఉంది కదా. సరదాకి సూసేం. ఊర్లో నీకన్నా బాగా నవ్వించేవోడు ఎవుడున్నాడు?"

మా ఆవిడ పురుటికి ఆసుపత్రి బల్ల మీద నా పక్కన కూర్చున్నవాడు. రోజూ పొద్దున్నే మా ముందుగదిలో, ఆ కెమెరా కిందే కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగేవాడు. పదిహేనేళ్లు నా సంగతి నోట్లో దాచుకుని, ఒక పేపరు తిరగేసి అందరిముందూ పెట్టేశాడు. మెట్లు దిగి ఇంటికి వచ్చి, కెమెరాని మేకుతో సహా పీకేశాను.

నువ్వు కాదమ్మి, నిజంగా గోడే చెప్పింది, అన్నాను మా అమ్మాయితో. ఊఁ అంది. పలక దించి నా చేతికి ఇచ్చింది. పక్కన మాత్రం కూర్చోలేదు. ఉన్న నాలుగు రోజులూ నేనే రాసుకుని, నేనే తుడుచుకున్నాను.

వార్షికోత్సవం నాడు ఫ్రేము చేతికి ఇచ్చారు. చుట్టూ పూల బొమ్మలు, మధ్యలో గొడుగుల సంత. రెండు వరసలు బాగానే నడిచాయి. మూడో వరసలో ఓ గొడుగు కింద ఉన్నవాణ్ణి పోల్చుకోలేక ఆగిపోయాను. వెనక బెంచీల్లోంచి, "తిరగేసి సూడు బావా," అని వినిపించింది. నవ్వులు లేచాయి. మరో రోజైతే ఆ గొంతువాణ్ణి లేవకుండా కొట్టేవాణ్ణి మాటతో. ఆ రోజు అద్దం మీద వేలు పెట్టాను. ఒకటో తరగతి పిల్లవాడిలా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, చివరిదాకా చదివాను. ఒక్క జోకు వెయ్యలేదు. ఫ్రేము అతిథి చేతిలో పెట్టి తిరిగేసరికి, పిల్లల వరసలో మా అమ్మాయి తల వంచుకుని ఉంది. దాని పెదాలు కదులుతున్నాయి. నాతోపాటు తనూ చదివిందేమో, ఇప్పటికీ అడగలేదు.

ఇంటికి వచ్చి ముందుగదిలో కూర్చున్నాను. మేకు పీకిన చోట గోడ పెచ్చు లేచి ఉంది. మా ఆవిడ కాఫీ తెచ్చి పెట్టింది. చాలా రోజుల తర్వాత ఆ గదిలో ఓ క్షణం నిలబడింది. అడిగే మనిషి దొరికినట్టు నా కడుపులోదంతా వెళ్లగక్కాను. వాణ్ణి ఇంట్లో మనిషనుకున్నాను, మన గదిని నలుగురి ముందూ పెట్టి, మన పిల్ల చదువు చెబుతుంటే చూసి నవ్వుకున్నాడు, ఇంతకంటే ద్రోహం ఉందా అని అడిగాను.

ఖాళీ గ్లాసు తీసుకుంటూ అంది.

"అన్నయ్యగారు గది తలుపేసుకుని సూసేరు. మీరు కొట్టు తలుపులు బార్లా తీసి సూపించేరు."