హదా ఘాట్ మీద కాలు మోపని లింబాద్రి

ముందు కీచుమంటుంది. తర్వాత కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ కీచు, ఈసారి కొంచెం కింద, కొంచెం ఎడమకు. శుక్రవారం పొద్దున హదా ఘాట్ కింద చాయ్ దుకాణంలో కూర్చున్నవాళ్లు తలెత్తి కూడా చూడరు. సౌదీలోని తాయిఫ్ కొండలు సగం మేఘంలో మునిగి ఉన్నా, ఆ బ్రేకుల చప్పుడు ఒక్కో మలుపూ దిగి వస్తోందంటే దాని వెనక ఎవరున్నారో వాళ్లకు తెలుసు. చాయ్‌వాలా ఒక గ్లాసు ఎక్కువ కడుగుతాడు. అప్పుడు మేఘాన్ని చింపుకుని ఒక ఎర్ర తువ్వాల, తువ్వాల కింద మీసం, మీసం కింద నవ్వు, నవ్వు కింద సైకిలు వరసగా బయటపడతాయి.

ఆయన లింబాద్రి. ఊరు నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ దగ్గర. కొండ పైన ఒక గులాబీ తోటలో ఏడేళ్లుగా పనిచేస్తున్నాడు. పైపు పగిలినా, మోటారు మొరాయించినా, రాతిగట్టు కూలినా, తనను పనికి తెచ్చుకున్న కఫీల్ ఇంటి గొళ్లెం ఊడినా ఆయన చేతికే వస్తుంది. గులాబీలు మాత్రం ఆయనకు పట్టవు. "పూలు ఉన్నకాన్నే ఉంటయ్. రోడ్డు అట్ల గాదు, పోతనే ఉంటది" అంటాడు.

తోటలో మిగతావాళ్లకు శుక్రవారమంటే నిద్ర. లింబాద్రికి శుక్రవారమంటే లోయ. కొన్ని వారాలు నడిచి దిగుతాడు, పూర్వం ఒంటెలు ఎక్కిన రాతిమెట్ల బాట మీదుగా. ఎన్ని పాదాలు రుద్దాయో, ఆ రాళ్లు వాడిన సబ్బుబిళ్లల్లా నున్నగా ఉంటాయి. కొన్ని వారాలు సైకిల్ మీద దిగుతాడు. జెద్దా పాతబస్తీ బలద్ సందుల్లోని పాతసామాను కొట్లో దొరికిన గేర్ల సైకిలది. దాని రంగేదో దానికే గుర్తులేదు. రాత్రి గదిలో ఆయన ఘాట్ సంగతులు మొదలుపెట్టగానే ఒక్కో మంచం మీదా ఒక్కో దుప్పటి తల పైకి జరుగుతుంది. ఏ మలుపులో గాలి వెనక్కి తిరుగుతుందో, ఎక్కడ ఎండ ముందు కొండకొమ్మును ముట్టుకుని ఆ తర్వాతే రోడ్డు మీదికి జారుతుందో, ఆయన దుప్పట్లకే చెబుతాడు.

అన్నిటికన్నా మందమైన దుప్పటి బాలన్నది. జగిత్యాల మనిషి, తోట పికప్ నడుపుతాడు. శుక్రవారం మధ్యాహ్నం సరుకుల కోసం కిందికి వచ్చినప్పుడు లింబాద్రినీ సైకిల్‌నూ బండిలో వేసుకుని పైకి తెచ్చేది ఆయనే.

"దిగుడు నీది, ఎక్కుడు నా బండిది. ఇదేం షోకు బావా?" ఒక శుక్రవారం స్టీరింగ్ తిప్పుతూ అడిగాడు బాలన్న.

"ఈద్ సెలవులకు అభా పోదాం రా బావా. ఆడి ఘాట్లు దీనికి పెద్దన్నలంట. నడుసుకుంట తిరుగుదాం."

"నాకు మంచం దిగుడే కష్టం. నన్ను ఘాట్ దిగుమంటున్నవ్."

"ఒక్కన్నే ఎన్నేండ్లు జూడాలె?" లింబాద్రి నవ్వుతూనే అన్నాడు. "ఎంత మంచిగున్నది అందామంటె పక్కన పురుగు లేకపాయె."

బాలన్న స్టీరింగ్ మీద వేళ్లు ఆడిస్తూ ఆలోచించాడు. "సరే. వచ్చే జుమ్మా నాడు కింద కేబుల్ కార్ కాడి నుంచి పైదాక సైకిల్ మీద ఎక్కు. కాలు కింద మోపద్దు. ఎక్కితె అభా వస్త. మోపినవా, అభా ముచ్చట, ఘాట్ ముచ్చట, మలుపుల ముచ్చట అన్ని బంద్. సైకిల్ నాకియ్యాలె, ముక్కలు జేసి పాత ఇనుముకు ఏస్త."

లింబాద్రి ఆ వారమంతా దుప్పట్లతో మాట్లాడలేదు. ఊపిరి దాచుకున్నాడు.

శుక్రవారం తెల్లవారగానే మొదలైంది. ముందు సైకిల్, వెనక నడకకన్నా కొంచెం వేగంగా పికప్, పికప్ కిటికీలోంచి బాలన్న తల. ఆ తల కళ్లు రోడ్డును చూడటం లేదు, లింబాద్రి పాదాలనే చూస్తున్నాయి. కొండ ఒక్కో మడతా విప్పుతోంది. కింద లోయలో ఎండిన వాగు దారి ఎవరో పారేసుకున్న తెల్లదారంలా కనిపిస్తోంది. సగం ఘాట్ అయ్యేసరికి బాలన్న నవ్వు తగ్గింది. ఇంకొంత ఎక్కేసరికి అభాలో చలి ఎట్లుంటుందోనన్న దిగులు మొదలైంది.

అప్పుడు కోతులు వచ్చాయి.

ఇందులో తప్పు కోతులది కాదు. లింబాద్రి పేరు వాళ్ల ఊరి పక్క గుట్టది. ఆ గుట్ట మెట్ల మీద కోతులకు పుట్నాలు పెడుతూ పెరిగిన చెయ్యి అది. ఇక్కడి కోతులు కుక్కమూతి పెట్టుకుని, బూడిదరంగు శాలువా కప్పుకున్న పెద్దమనుషుల్లా ఉంటాయి. అయినా ఆ చెయ్యికి తేడా తెలియలేదు. దిగేటప్పుడల్లా ఒక మలుపు దగ్గర ఆగి దండం పెట్టి అరటిపండ్లు ఇచ్చేవాడు. తిండి పెట్టొద్దని బోర్డు ఉంది. అది అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉందనీ, ఆంజనేయస్వామికి ఆ రెండూ రావనీ లింబాద్రి వాదన.

ఇప్పుడా సైకిల్‌ను చూడగానే రాళ్ల మీది నుంచి గుంపంతా దిగింది. అన్నిటికన్నా పెద్దది రోడ్డు మధ్యలో కూర్చుని చెయ్యి చాపింది.

లింబాద్రి హ్యాండిల్ తిప్పి, బండ్లు ఆపుకునే పక్కజాగాలోకి దూరి గుండ్రంగా తిరగసాగాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. కోతులు చుట్టూ చేరి సర్కస్ చూస్తున్నట్టు మెడలు తిప్పుతున్నాయి.

"ఇయ్యాల ఏం లేదు స్వామీ! దండం, జరగండి!"

పికప్ ఆపి బాలన్న పగలబడి నవ్వాడు. "కాలు పెట్టు బావా, అయిపాయె!"

"పెట్ట!"

"పడ్తవ్!"

"పడితె మొత్తం పడ్త. కాలు మాత్రం పెట్ట!"

చుట్టు చిన్నదవుతోంది. చక్రం వణుకుతోంది. లింబాద్రి మొహం మీద కారుతున్నది చెమటో కన్నీళ్లో బాలన్నకు అంత దూరం నుంచి తెలియలేదు. కాని నవ్వు మధ్యలో తెగిపోయింది. ఇంత దూరం ఎక్కిన మనిషి కోతుల చేతిలో ఓడిపోవడమేమిటి? పక్కసీట్లోని ఖుబ్జ్ రొట్టెల సంచి తీసుకుని తలుపు తెరిచి దిగాడు. ఒక రొట్టె లోయ అంచువైపు విసిరాడు.

కోతులు రొట్టెను చూడలేదు, రొట్టె వచ్చిన చోటును చూశాయి. బాలన్న సంచి అక్కడే వదిలి పక్కకు దూకాడు. కన్ను మూసి తెరిచేలోగా పికప్ ముందుసీట్లో మూడు కోతులు. ఒకటి హారన్ మీద కూర్చుంది. కొండంతా పోఁ అని మోగింది.

దారి ఖాళీ అయింది. లింబాద్రి సందు చూసుకుని పైకి తొక్కాడు.

బాలన్న ఒకసారి బండిని చూశాడు, ఒకసారి సైకిల్‌ను. తాళంచెవి జేబులోనే ఉంది. బండి ఎక్కడికీ పోదు. ఆ పాదాలే పోతున్నాయి. రబ్బరు చెప్పులతోనే పరుగు తీశాడు.

"నేను జూడకుంటె కాలు పెడ్తవ్! ఆగు!"

"ఆగితె కాలు పెట్టాలె గద బావా!"

కాని లింబాద్రి అడుగు వేసినంత నెమ్మదిగా తొక్కాడు. బాలన్న రొప్పుతూ వచ్చి కలిశాడు. మిగిలిన మలుపులు ఇద్దరూ పక్కపక్కనే ఎక్కారు, ఒకరు తొక్కుతూ, ఒకరు నడుస్తూ. మేఘం కిందికి జారిపోయింది. కొండలు ఒకదాని భుజం మీదుగా ఒకటి తొంగిచూస్తున్నాయి. బండి అద్దంలోంచి ఇన్నేళ్లూ ముందు లారీ వెనక నంబరే చూసిన బాలన్న గోడ అంచున ఉన్నట్టుండి నిలబడిపోయాడు.

"ఈ దిక్కు ఇంత పెద్దగున్నదని ఎన్నడన్న చెప్పినవా బావా?"

"ఏడేండ్ల సంది చెప్తున్న! దుప్పటి తియ్యి ముందుగాల!"

పైన కొండ చదునయ్యే చోట లింబాద్రి కాలు మోపాడు, తర్వాత మొత్తంగా రోడ్డు పక్కన వెల్లకిలా పడ్డాడు. సాయంత్రం ఇద్దరూ నడిచి దిగి పికప్ తెచ్చుకున్నారు. సీటులో దూది సగమే మిగిలింది. ఆనాటి నుంచి లింబాద్రి ఆ మలుపులో దండం మాత్రం పెడుతున్నాడు, అరటిపండు పెట్టడం లేదు.

ఈద్‌కు ముందురోజు తాయిఫ్ బస్టాండులో ఆయన రెండు టికెట్లు జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. కాస్త దూరంలో బాలన్న కొత్త బూట్లు వేసుకుని, ముక్కూమొహం తెలియని నలుగురికి చేతులు తిప్పుతూ హదా మలుపులు వర్ణిస్తున్నాడు. మరి మీకు తోడు దొరికినట్టేనా అని, ఈ సంగతులు రాసుకుంటున్న నేను అడిగితే, లింబాద్రి అటే చూస్తూ మీసం గోక్కున్నాడు.

"దొరికిండు సారూ. గని ఇప్పుడు ఘాట్ ముచ్చట్లన్ని ఆయినే చెప్తున్నడు. నన్ను నోరు తెరవనిస్తలేడు."