ఒకే ఎం, రెండు ఊళ్ళు

బెంజ్ సర్కిల్ దగ్గరి మా ఆఫీసులో ఆవిడ చేరి అప్పటికి మూడు నెలలు కావస్తోంది. పిల్లలు బడికి వెళ్ళేదాకా ఏడేళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ ఉద్యోగానికొచ్చిన మనిషి. ఆ రోజు మూడింటికి మేనేజరుగారికి తన పని చూపించాలి. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

మంగళగిరి నేతపనివాళ్ళ వివరాలు ఒక ఫైల్లో, మచిలీపట్నం కలంకారీ అద్దకంవాళ్ళవి మరో ఫైల్లో ఉన్నాయి. స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం రాసి ఆవిడ రెంటినీ కలపాలి. కలిపితే ఒక్కో మనిషికి ఇద్దరేసి తండ్రులొచ్చారు! పదకొండింటికి తెర మీద అది చూసి, ఆవిడకు పని నేర్పుతున్న నాకు ఒళ్ళు మండింది.

"ఇదేమన్నా పిల్లల హోంవర్కా అండీ?" అన్నాను, నలుగురూ వినేలా.

ఆవిడ ముఖం చిన్నబోయింది.

నేనే కూర్చుని వెతికాను. ఇలాంటి ఫైళ్ళలో ప్రతి వివరానికీ వెబ్‌సైటుకున్నట్టు బారెడు చిరునామా ఉంటుంది. ప్రతిసారీ అంతా రాయలేక, ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించుకున్నట్టు ముందు ఒక ప్రిఫిక్స్ పెడతాం. అది దేనికి గుర్తో ఫైలు మొదట్లో చెబుతాం. మంగళగిరికి 'ఎం'. మచిలీపట్నానికీ 'ఎం'. స్క్రిప్టు మొదటిదాన్నే నమ్మి అందరినీ మంగళగిరిలో పడేసింది. మంగళగిరి ఒకటో నంబరు మనిషీ మచిలీపట్నం ఒకటో నంబరు మనిషీ ఒక్కరైపోయారు.

ఆ ప్రిఫిక్సులు పెట్టిందెవరా అని చూస్తే, నేనే. ఆవిడ చేరకముందు, కాగితాల మీది ఊరి పేర్లకు ఇంగ్లీషు మొదటి అక్షరాలు తగిలించేశాను. మాటల్లో నేనెన్నడూ మచిలీపట్నం అనలేదు, బందరే. 'బి' పెట్టి ఉంటే ఈ గొడవే లేదు.

మచిలీపట్నానికి 'బి' అని మార్చి స్క్రిప్టు నడిపితే అందరూ ఎవరి ఊళ్ళో వాళ్ళు కుదురుకున్నారు. మూడింటికి ఆవిడ పని చూపించాక మేనేజరుగారితో చెప్పాను, "పొద్దున్న తప్పు నాదండీ. ఈవిడ మీద అనవసరంగా అరిచాను." ఆయన తలూపి, సోమవారం వచ్చి ఉద్యోగపు ఆర్డరు తీసుకోమని ఆవిడకు చెప్పారు.

బయటికొచ్చాక క్షమించమని అడగబోతే ఆవిడే అంది, "మీరు అరుస్తున్నప్పుడే తెలిసిందండీ. మా బాబాయి బందర్లో అద్దకం పని చేస్తాడు. ఆయన పేరు మంగళగిరి కింద కనబడింది."

"మరి చెప్పలేదేం?"

"ఆ అక్షరాలు మీరు పెట్టినవి కదండీ. ఉద్యోగం ఖాయం కాకుండా మీ తప్పు నేనెలా చూపిస్తాను?"

నాకు తల కొట్టేసినట్టయింది. మూడు నెలలు నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి. ఆ భయం పెట్టిందీ నేనే.