పెట్టె నోరు తెరిచిన రోజు

తొంభైల మొదట్లో ఆత్మకూరులో లెక్కల టీచర్ని. ఉదయగిరిలో ఎవరో మూలన పడేసిన పాత హోమ్ కంప్యూటర్ తెచ్చుకున్నాను. టీవీకి తగిలించి వాడే రకం. ఆరు నెలల ఆదివారాలు దానికే పోయాయి. కీబోర్డు విప్పి కడిగాను. నెల్లూరు నుంచి చిప్పులు తెచ్చి మెమరీ పెంచాను. దాని ప్రోగ్రాములు మామూలు టేప్‌రికార్డర్ క్యాసెట్లలోనే ఉండేవి. చెవికి మాత్రం ఉత్త కీచుమోత. మార్కుల లిస్టు వేసే ప్రోగ్రాం రాసి ఒక క్యాసెట్లో దాచాను.

మా మిషన్ బడిలో దాన్ని చూపించే రోజు హెడ్మాస్టరు, స్టాఫ్ అంతా టీవీ ముందు కూర్చున్నారు. క్యాసెట్ పెట్టి పది నిమిషాలైనా తెర మీద ఏమీ రాలేదు.

"ఏంది సారూ, ఇంకా నిద్ర లేవలేదా అది?" అన్నాడు డ్రిల్లు మాస్టరు.

అనుమానమొచ్చి టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్‌కి పోయే వైరు పీకాను. స్పీకర్లోంచి మా అవ్వ గొంతు!

అవ్వకు రాయడం రాదు. జలదంకిలో ఉన్న మా మేనత్తకు యోగక్షేమాలూ ప్రార్థనలూ క్యాసెట్లో రికార్డు చేసి పంపేది. నా క్యాసెట్ కీచుమంటుంటే చెడిపోయిందనుకుని దానిమీదే రికార్డు చేసేసింది.

"ప్రభువా, ఆ పెట్టెతో నా మనవడు చిక్కి సగమైనాడు. ఒక్కసారి దాని నోరు తెరిపించు తండ్రీ, ఆమెన్."

"ఆమెన్" అన్నారు హెడ్మాస్టరుతో సహా సగం మంది, అలవాటు కొద్దీ. ఆ తర్వాత గదంతా నవ్వులే. సిగ్గుపడే ఓపిక కూడా లేదు నాకు. ఆ ప్రోగ్రాంకు వేరే కాపీ లేదు.

ఇంటికెళ్తే అవ్వ గడపలోనే అడిగింది. "పెట్టె నోరు తెరిచిందా నాయనా?"

అరవాలనే వచ్చాను.

"తెరిచిందవ్వా" అన్నాను.

అబద్ధం చెప్పానని ఇప్పటికీ అనుకోను.