జావలో కలిపిన మాత్ర

నా గర్భసంచిలో అరుదైన క్యాన్సర్ బయటపడినప్పుడు మేం కాజీపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. నా గడ్డకు హార్మోన్ మాత్రలు పనికొస్తాయో లేదో ఒక కొత్త స్కాన్‌తో తెలుస్తుందని, హార్మోన్‌తో పెరిగే గడ్డయితే అందులో వెలుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు వేసుకుంటూ ఉంటే గడ్డ వెలగక స్కాన్ తప్పు చూపిస్తుందట. అందుకే అప్పటికే వాడుతున్న ఆ మాత్రలను కొన్ని వారాల ముందే ఆపేశాను.

స్కాన్‌లో గడ్డ వెలగలేదు.

"నిజంగానే ఆపారా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే ఒట్టేశాను. పక్కన మా ఆయన తల దించుకున్నాడు. ఆయన గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీ ఆపరేటర్.

"మా ఫ్యాక్టరీల బ్యాచ్ నడుమల ఆపితే మందు మొత్తం ఖరాబైతది గదా. గందుకే మాత్ర రోజూ నీ జావల కలిపిన" అన్నాడు.

"నీ పానం మీది ప్రేమతోని చేసిండే అక్కా" అంటుంది మా చెల్లెలు. కావచ్చు. నన్ను ఒక్కమాట అడగలేదే!

మాత్రలు నిజంగా ఆపి మళ్లీ తీయించుకునే స్కాన్ దాకా జావ నేనే కాచుకుంటున్నాను. ఆయన వంటింట్లోకి వస్తే గ్లాసు మీద మూత పెడుతున్నాను.