నాలుగు సెకన్ల కునుకు

ఆబిడ్స్‌లో మా ఆఫీసు ఉన్న బిల్డింగు లిఫ్టుకు ఒక పట్టుదల ఉంది. బటన్ నొక్కి వదిలేస్తే రాదు. నొక్కి పట్టుకోవాలి. అది మూడో అంతస్తు నుంచి మూలుగుతూ దిగివచ్చేదాకా బొటనవేలు తీయకూడదు. తీశామా, ఎక్కడున్నది అక్కడే అలుగుతుంది, మళ్ళీ మొదటి నుంచి బతిమాలుకోవాలి. పన్నెండేళ్ళు ఆ లిఫ్టుతో కాపురం చేసిన మా ఆఫీసు వాళ్ళందరికీ ఒక అలవాటు పడింది. ఏ బటన్ కనబడినా నొక్కి, అవతల నుంచి పలుకు వచ్చేదాకా వేలు తీయం. ఇంటి కాలింగ్ బెల్ కూడా అలాగే నొక్కుతానని మా ఆవిడ ఫిర్యాదు. ఈ అలవాటు ఒక ఆడమనిషి నౌకరీ తీస్తుందని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు.

నా ఉద్యోగం చెవులు తయారు చేయడం. కమ్మలకు పనికివచ్చేవి కావు, రేడియో తరంగాలను వినేవి. మా కంపెనీ చిన్నది. దవాఖానలకు పిలుపు గంటలు చేస్తుంది. రోగి మంచానికి ఒక బటన్, ఆయా మెడలో రిబ్బనుకు ఒక బిళ్ళ. బటన్ నొక్కితే తీగ లేకుండానే ఆ పిలుపు బిళ్ళకు చేరుతుంది. పిలుపు వస్తోందా లేదా అని కనిపెట్టుకుని కూర్చునే చిన్న భాగం ఒకటి బిళ్ళ లోపల ఉంటుంది. దాని బాధ్యత నాది.

ఇందులో చిక్కేమిటంటే, పిలవడం కన్నా వినడానికే ఎక్కువ ఖర్చవుతుంది. బటన్ తన మీద వేలు ఉన్నంతసేపే అరిచి ఊరుకుంటుంది. చెవి అలా కాదు. ఎవరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు కనుక రోజంతా తెరుచుకునే ఉండాలి, తెరుచుకున్నంతసేపూ బ్యాటరీని తాగుతూనే ఉండాలి. ఈ సంగతి ఇంట్లో చెబితే, "ఓహో, అందుకా మీరు నా మాట ఇంత పొదుపుగా వింటరు!" అంది మా ఆవిడ.

మొదట చేసిన బిళ్ళలు తొమ్మిది రోజులకే కన్నుమూసేవి. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉన్న ముప్పై పడకల ప్రైవేటు దవాఖాన వాళ్ళు మా మొదటి గిరాకీ. అక్కడి మేట్రన్ ఫోన్ చేసి, "ఏంది సార్, మీ బిళ్ళలకు పొద్దుమాపు పాలు పట్టాల్నా?" అని అడిగింది. ఇంకో అనుమానం కూడా ఆమెకు ఉండేది. బ్యాటరీలు అయిపోవడం లేదనీ, ఆయాలే పీక్కుపోయి ఇంట్లో గడియారాలకు వేసుకుంటున్నారనీ. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు గేటు దగ్గర వాళ్ళ సంచులు బోర్లించి చూసేవాళ్ళు. టిఫిన్ డబ్బాలు, చీర కొంగుకు కట్టుకున్న మాత్రలు, లోకల్ రైలు పాసు, అన్నీ అరుగు మీద పరిచి చూసేవాళ్ళు. నా లెక్క తప్పినందుకు వాళ్ళ సంచులు వెతికారన్నమాట. ఇది విన్నప్పుడు నవ్వాను కూడా. బ్యాటరీ తక్కువైంది బిళ్ళకు గానీ నవ్వుకు ఏం తక్కువ?

"ఆర్నెల్లు రావాలె బ్యాటరీ. ఏం జేస్తవో జెయ్యి," అన్నాడు మా యజమాని. తాతల కాలం నుంచి హైదరాబాదులో వ్యాపారం చేసిన ఇంటివాడు. గొంతు ఎప్పుడూ పెంచడు, ఆ అవసరం రానివ్వడు.

నేను రెండు పనులు చేశాను. మొదటిది, బిళ్ళకు గొంతు తీసేశాను. అదివరకు కీచుమనేది. ఇప్పుడు ఛాతీ మీద సన్నగా వణుకుతుంది, అంతే. మెడలో వేసుకున్న మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు. రెండోది, చెవికి నిద్ర నేర్పాను. నాలుగు సెకన్లు కునుకు తీస్తుంది, రెప్పపాటు లేచి వింటుంది, ఏమీ లేకపోతే మళ్ళీ కునుకు. లెక్క ప్రకారం బ్యాటరీ ఆర్నెల్లు దాటింది.

"నిద్రబోయేటోన్ని కావలి వెట్టి మెప్పు గొట్టినవు గదయ్యా!" అని యజమాని వీపు తట్టి, మొజంజాహీ మార్కెట్ నుంచి అందరికీ ఐస్‌క్రీం తెప్పించాడు. వారం రోజులు పరీక్షించాం. మెట్ల మీద నుంచి, లిఫ్టులో నుంచి, పక్కింటి జిరాక్సు షాపు నుంచి, అందరం నొక్కాం. ప్రతిసారీ బిళ్ళ వణికింది. 'తప్పిపోయిన పిలుపులు' అన్న గడిలో సున్నా చుట్టాను. చిన్నప్పటి లెక్కల పంతులు నా చేత చుట్టించిన సున్నాలన్నిటికీ అది జవాబు అనుకున్నాను.

కొత్త బిళ్ళలు ముందుగా నాంపల్లి దవాఖాన రెండో అంతస్తుకే వెళ్ళాయి. అక్కడ పగటిపూట ఒక్కతే ఆయా ఉండేది. యాభై దాటిన మనిషి. వికారాబాదు వైపు పల్లె నుంచి వచ్చి, మొగుడు పోయాక పదకొండేళ్ళుగా ఆ దవాఖానలోనే పనిచేస్తోంది. బిళ్ళలు పెట్టడానికి వెళ్ళినప్పుడు ఆమెను చూశాను. వరండాలో నిలబడి, గదుల్లో ఎవరు దగ్గుతున్నారో చూడకుండానే చెప్పేది. "గీ దగ్గు మూడో నంబరు పెద్దమనిషిది. నీళ్ళ కోసం," అని చెంబు పట్టుకుని పోయేది. బిళ్ళలు వచ్చాక మేట్రన్ కొత్త నియమం పెట్టింది. ఆయాలు ఊరికే గదుల చుట్టూ తిరగకూడదు. వరండా చివర స్టూలు మీద కూర్చోవాలి, బిళ్ళ వణికితేనే లేవాలి. అలా ఆమె చెవులకు పెన్షన్ ఇచ్చి నా చెవిని పనిలో పెట్టుకున్నారు.

నెల తిరక్కముందే ఆమె మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. పిలిస్తే రాదని. అందరికీ కాదు, కొందరికి. గట్టిగా దబాయించేవాళ్ళు పిలిస్తే పరుగున వస్తుందనీ, మెత్తనివాళ్ళు పిలిస్తే కదలదనీ. "మనిషిని జూసి మర్యాద జేస్తది," అన్నారు తోటి ఆయాలే. మేట్రన్ ఆమెకు చెవిటిది అని పేరు పెట్టింది. వార్డంతా ఆ పేరే. రోగుల చుట్టాలు కూడా, "చెవిటామె యాడుంది?" అని అడిగేవాళ్ళట. ఒకరోజు ఆమెను సర్కారు దవాఖానకు చెవుల పరీక్షకు పంపారు. చెవులు బాగున్నాయని చీటీ తెచ్చింది. మేట్రన్ ఆ చీటీ చదివి, "చెవులు మంచిగున్నయంటె, మరి పొగరన్నట్టు," అంది. చెవుడైతే జాలిపడేవాళ్ళేమో. చీటీతో ఆ దారి కూడా పోయింది.

తర్వాత ఆరో నంబరు పెద్దాయన పడిపోయాడు. రిటైరైన టీచరు. పొట్టకు ఆపరేషన్ అయి నాలుగు రోజులు. మధ్యాహ్నం బాత్రూంకు పోవాలని బటన్ నొక్కాడు, ఎవరూ రాలేదు. మళ్ళీ నొక్కాడు. ఎవరూ రాలేదు. తానే లేచాడు. బాత్రూం గడప దగ్గర జారి తుంటి ఎముక విరిగింది. ఆయా పది అడుగుల దూరంలో స్టూలు మీదే ఉంది. ఆయన కొడుకు వార్డు మీద విరుచుకుపడ్డాడు. మర్నాడు పొద్దున మా యజమానికి ఫోన్ వచ్చింది.

ఆటోలో పోతూ ఆయన ఒకటే మాట అన్నాడు. "లక్డీకాపూల్ల రెండు, ఖైరతాబాద్ల ఒకటి, దవాఖానలు మన మాట కోసమే చూస్తున్నయ్. బిళ్ళల లోపం లేదని ఇయ్యాల తేలాలె."

ఆరో నంబరు గదిలో మేట్రన్, కొడుకు, ఇద్దరు నర్సులు, గుమ్మం దగ్గర ఆయా. మంచం మీద పెద్దాయన, కాలికి బరువు కట్టి ఉంది. నేను ముందు బిళ్ళను మేట్రన్ చేతిలో పెట్టి, బటన్ నొక్కి పట్టుకున్నాను. వణికింది. ఇంకోసారి నొక్కాను. వణికింది.

"జూసినవా?" అంది మేట్రన్ ఆయా వైపు తిరిగి. "బిళ్ళకు ఇనబడ్తది, నీకే ఇనబడదు."

"నాకు వణుకు రాలే మేడం. వస్తె కూసుంటనా? పదకొండేండ్లల్ల ఎన్నడన్న కూసున్ననా?"

"ఆవు మెడల గంట గడితె ఆవుకన్న తెలుస్తది!"

నర్సులు నవ్వారు. కొడుకు మాత్రం నవ్వలేదు. "గట్ల కాదు. నాయన నొక్కాలె. సారు మెడల ఏసుకోవాలె. అప్పుడు తెలుస్తది," అన్నాడు.

బిళ్ళ నా మెడలో వేసుకున్నాను. గదిలో అందరూ నా ఛాతీ వైపు చూస్తున్నారు. పెద్దాయన బటన్ మీద వేలు పెట్టి, ఎవరింటికో మొదటిసారి వచ్చిన చుట్టంలా ఒక్కసారి ముట్టుకుని, వెంటనే తీసేశాడు.

నా ఛాతీ మీద ఏమీ కదలలేదు.

ఆ వేలు చూసిన క్షణంలోనే నాకు మొత్తం అర్థమైంది. వేలు ఉన్నంతసేపే బటన్ పిలుస్తుంది. ఆయన పిలిచింది అర సెకను. నా చెవి నాలుగు సెకన్ల నిద్రలో ఉంది. దబాయించేవాళ్ళు విసుగుతో నొక్కి పట్టుకుంటారు కనుక వాళ్ళ పిలుపు అందింది. మర్యాదస్తులు ఒకసారి తట్టి ఊరుకుంటారు, వాళ్ళది గాల్లో కలిసింది. మా ఆఫీసులో ఒక్క పిలుపూ తప్పకపోవడానికి కారణం నా తెలివి కాదు, మా లిఫ్టు.

"వచ్చిందా సార్?" అంది మేట్రన్.

గుమ్మం దగ్గర నుంచి ఆయా అంది, "రాలే మేడం. వస్తె ఈడికి ఇనబడ్తది నాకు, ఈగ ముసిరినట్టు. నాకేం ఇనబడలే."

మేట్రన్ రెండు చేతులూ చరిచింది. "ఇనబడలేదట! నెల సంది మేం మొత్తుకునేది గదే గదనే!"

ఈసారి కొడుకు కూడా నవ్వాడు. గదిలో నిజం చెప్పింది ఆమె ఒక్కతే. ఆ నిజమే ఆమె మీద సాక్ష్యమైంది. ఇక నా మాట ఒక్కటే మిగిలింది. యజమాని గొంతు పెంచలేదు, నా వైపు చూశాడంతే. అది భయమేనని చెప్పుకుంటే నాకు కొంత సుఖంగా ఉంటుంది. కానీ అసలు సంగతి అంతకన్నా అల్పం. ఆర్నెల్ల బ్యాటరీ, వీపు తట్టిన చేయి, ఐస్‌క్రీం, నేను చుట్టిన ఆ సున్నా, ఇవన్నీ పదిమందిలో తుడిచేసుకోవడానికి నోరు రాలేదు.

"వచ్చింది," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. నా ముఖం కూడా చూడలేదు. బిళ్ళనే చూస్తూ నిలబడింది. పెద్దాయన మాత్రం, "పాపం, ఆమెననకున్రి. నేనే మెల్లగ నొక్కిన్నేమో. మళ్ళమళ్ళ నొక్కితె బాగుండదని..." అంటుంటే కొడుకు, "నువ్వుండు నాయనా," అని దుప్పటి సర్దాడు. ఆ గదిలో తప్పు కనిపెట్టిన రెండో మనిషి ఆయన. ఆయన మాటా ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమెను పని మానిపించారు. మెట్ల దగ్గర నన్ను ఆపింది. చేతిలో మడిచిన ఏప్రాన్.

"సార్, మీకు రాలే. నాకు ఎరుకే. జర ఒక్క మాట చెప్పున్రి వాళ్ళకు. ఈ వయసుల నన్ను వేరే దవాఖానల ఎవరు పెట్టుకుంటరు?"

"రాసి పంపిస్తానమ్మా," అన్నాను. ఇంజినీర్లు తప్పించుకునే మాట అది.

రాసి పంపించాను కూడా. ఒక్కసారి ముట్టుకుంటే బటన్ అయిదు సెకన్లు ఆగకుండా పిలిచేలా ఒక మార్పు రాశాను. ఒక సాయంత్రం పని. చెవి ఎంత కునుకు తీసినా ఆ అయిదు సెకన్లలో ఒకసారి లేచి తీరుతుంది. మొదటే చేసి ఉండాల్సింది. లోపం అన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు. 'మెరుగైన నమూనా' అని రాశాను. యజమాని సంతోషపడ్డాడు. లక్డీకాపూల్, ఖైరతాబాద్ దవాఖానలు మూడూ వచ్చాయి. నాంపల్లి మేట్రన్ ఫోన్ చేసి కొత్త ఆయాను మెచ్చుకుంది. "ఒక్కసారి నొక్కితె ఉరికొస్తది సార్. గా చెవిటిది పోయినంక వార్డుకు శని వదిలింది." అవునండీ అన్నాను.

వానాకాలం వెళ్ళాక, సీతాఫలాల రోజుల్లో, మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆమె కనబడింది. ఒక పండ్ల దుకాణంలో నాకు వీపు చేసి కూర్చుని, గంపలో పండ్లు ఏరుతోంది. "అమ్మా," అన్నాను. తిరగలేదు. కొంచెం గట్టిగా పిలిచాను. తిరగలేదు.

"జోరుగ పిలువున్రి సార్. ఆమెకు చెవుడు," అన్నాడు దుకాణదారు. "దవాఖానల గందుకే తీసేసిన్రంట. పాపమని పెట్టుకున్న."

మూడోసారి పిలిచాను. ఆమె చేతులు ఆగలేదు. ఇంతలో ఆమె వెనక గుట్ట మీద నుంచి ఒక పండు జారింది. ఆకు మీద ఆకు కదిలినంత చప్పుడు. ఆమె తల తిప్పకుండానే చేయి వెనక్కి చాచి, అది నేల తాకకముందే పట్టుకుని, గుట్టలో పెట్టింది.

ఏం చేయాలో తెలియక చేతికందిన పండు ఒకటి తీసుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. అప్పుడు ఆమె తిరిగింది, నా వైపు కాదు, నా చేతి వైపు.

"నొక్కి పట్టుకోకున్రి. పాడైతది."

చూసుకుంటే నా బొటనవేలు పండులోకి సగం దిగిపోయి ఉంది. ఆమె ఆ పండును నా చేతిలోంచి తీసుకుని, చెడిపోయినవి వేసే గంపలో పడేసి, మళ్ళీ అటు తిరిగింది.

"చెవులు లేకున్నా చూపు మస్తు సార్," అన్నాడు దుకాణదారు నవ్వుతూ. "కిలో ఇయ్యాల్నా?"