కట్టుడు పళ్లాయన

ఆఖరి రోజు పొద్దున కూడా అన్నయ్య స్నానానికని వెళ్లి, కొత్త సబ్బుబిళ్ల మీద దవడ పన్ను ఒకటి చెక్కి బయటికొచ్చాడు. చెల్లెలు దాన్ని చూసి మూతి ముడిచింది. ఆ ఇంట్లో సబ్బు ఒళ్లు రుద్దుకోవడానికి తక్కువ, పళ్లు చెక్కడానికి ఎక్కువ.

"ఇదెవరి నోట్లోదట?" అంది.

"పై దవడ, ఎడమ పక్క. సొంతదారు ఇంకా దొరకలేదు," అన్నాడతను. చెప్పులేసుకుంటూనే టీ తాగాడు, టీ తాగుతూనే తలుపు గడియ తీశాడు. ఒక పని ముగించి ఇంకోటి మొదలుపెట్టడం అతనికి చేతకాదు.

పుట్టిన ఊళ్లో అతను ఇరవై రెండేళ్లు కట్టుడు పళ్లు చేశాడు. మైనం కరిగించి, చిగుళ్లు తీర్చి, ఒక్కో పన్నూ నిలబెట్టేవాడు. అవి పెట్టుకున్న మనిషి నవ్వితే ఆ నవ్వు అద్దెకు తెచ్చుకున్నట్టు ఉండేది కాదు. తుపాకుల మోత వీధి చివరిదాకా వచ్చిన రోజున అందరూ నగలూ కాగితాలూ సర్దుకుంటే, అతను మైనం చెక్కే కత్తులు నాలుగు గుడ్డలో చుట్టుకున్నాడు. చెల్లెలు అప్పట్లో బడిలో లెక్కలు చెప్పేది. దేశం దాటి ఇక్కడికొచ్చాక ఆమెకు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని, అతనికి అదే ఆసుపత్రి క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే పని దొరికాయి. ఏడాది తిరిగేసరికి ఆమె తన బతుకు ఇదేనని సరిపెట్టుకుంది. అతను సరిపెట్టుకోలేదు.

ఇక్కడ కట్టుడు పళ్లు చేయాలంటే చేతిపని పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే పనిలో ఎడం రాకూడదు. ప్రతి నెలా ఏదో ఒక పళ్ల ల్యాబులో పనిచేసినట్టు సంతకం ఉండాలి. వరసగా మూడు నెలలు తప్పితే ఆ ఇరవై రెండేళ్లూ గంగలో కలిసినట్టే. అందుకని సెలవు రోజైన మంగళవారం మధ్యాహ్నం ఊరి అవతల ఒక ల్యాబుకు వెళ్లేవాడు. ముందు నేల మీద ప్లాస్టరు పొడి ఊడ్చి, తర్వాత బల్ల ముందు కూర్చునేవాడు. జీతం లేదు, సంతకం ఉంది. మిగతా ఆరు రోజులూ కాలు కాలిన పిల్లే. పలకరించిన మనిషి కళ్లలోకి కాకుండా నోట్లోకి చూసేవాడు. క్యాంటీన్‌లో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ పళ్లాయనే.

రోగులు తినేటప్పుడు పళ్లసెట్టు తీసి, కాగితం రుమాల్లో చుట్టి, ట్రేలో మర్చిపోవడం ఆసుపత్రుల్లో మామూలే. ఒక సోమవారం అలాంటిదొకటి చెత్తబుట్టలో పడబోతుంటే పళ్లాయన పట్టుకున్నాడు. ముందుపన్ను అంచున చిన్న గాటు కనిపించింది. ఇక ప్రాణం ఊరుకోలేదు. నర్సుకు ఇవ్వాల్సింది పోయి జేబులో వేసుకున్నాడు. మర్నాడు ల్యాబులో ఆ గాటు పూడ్చి, మెరుగుపెట్టి, బుధవారం వార్డుకు పట్టుకెళ్లాడు. ఒకటిన్నర రోజు నమలకుండా గడిపిన ముసలాయన పళ్లు పెట్టుకుని, నాలుకతో తడిమి, మళ్లీ తీసేశాడు.

"ఇవి నావి కావు."

"మీవే తాతా. అంచు విరిగితే సరిచేశాను."

"విరగడమేంటయ్యా? నేను దర్జీని. దారం కొరకడానికి ఆకురాయితో నేనే రుద్దుకున్నా ఆ గాటు. నీ పనితనం తగలెయ్య, నా గాటు నాకియ్యి."

పళ్లాయన మళ్లీ గాటు పెట్టిచ్చాడు. దర్జీ దారం తెప్పించి, నాలుగుసార్లు కొరికి చూసుకున్నాకే అతన్ని వదిలాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ అన్నయ్య కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. ఈ ఊళ్లో తన పనిని పనిగా చూసి తిట్టిన మొదటి మనిషి ఆ ముసలాయనేనట.

క్యాంటీన్ మేనేజరు మాత్రం నవ్వలేదు. "పళ్లు నర్సుకియ్యి. నీ సంగతి గిన్నెలతోనే," అని గట్టిగా చెప్పాడు. అయితే ఆరేళ్లలో పళ్లాయన మీద వచ్చిన ఫిర్యాదు అదొక్కటే. నెల తిరక్కుండా అదే మేనేజరు అతన్ని గిన్నెల గదికి సూపర్‌వైజరుగా ఉండమన్నాడు. కూర్చుని చేసే ఉద్యోగం. సెలవు మాత్రం ఆదివారమే.

చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. నిలబడి నిలబడి సాయంత్రానికి అతని కాళ్లు దిండ్లలా ఉబ్బేవి. రెండు మెట్లెక్కితే ఆయాసం. కూర్చునే పని చూసుకోమని డాక్టరు చెప్పి అప్పటికే ఏడాదయింది.

"ఒప్పుకో అన్నయ్యా. పిలిచి కుర్చీ వేస్తున్నారు."

"కుర్చీ వేసి మంగళవారం లాక్కుంటారే. ఇక సంతకం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"ఆ సంతకాలు పట్టుకుని ఎన్నాళ్లు తిరుగుతావు? నువ్వు పరీక్ష నెగ్గేసరికి నీ నోట్లోనే పళ్లుండవు."

"మంచిదేగా. మొదటి బేరం ఇంట్లోనే."

మూడు వారాలు ఇదే రభస. అతను అన్నం మధ్యలో లేచి కిటికీ దాకా వెళ్లొచ్చేవాడు. ఆమె కావాలని గిన్నెలు చప్పుడు చేసేది. ఆఖరి రోజు, ఆ బుధవారం పొద్దున, అతను గడప దాటుతుంటే ఆమె సహనం తెగిపోయింది.

"ఈ రోజు మేనేజరుకు ఏదో ఒకటి చెప్పు. చెప్పకుండా ఇంటికి రాకు."

అతను వెనక్కి తిరిగి ఏదో అనబోయాడు. కింద బస్సు చప్పుడు వినబడి గబగబా మెట్లు దిగిపోయాడు.

ఆ బస్సులోనే గుండె ఆగింది. నిద్రపోతున్నాడనుకున్నానని పక్క సీటాయన తర్వాత చెప్పాడు.

పన్నెండో రోజున ఆమె అతని సామాన్ల కోసం క్యాంటీన్‌కు వెళ్లింది. ఆ పన్నెండు రోజులూ ఆమె ఒక్కచోట కూర్చున్నది లేదు. తలుపు దగ్గర తనన్న మాట ఇంట్లో ఏ గదిలోకి వెళ్లినా వెంటబడుతోంది. మేనేజరు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆ ఉద్యోగం సంగతి మీకు ఏమీ చెప్పకుండానే పోయాడు. ఏమనుకోకండి," అంది.

మేనేజరు తెల్లబోయాడు. "చెప్పకపోవడమేంటమ్మా? అంతకుముందు శుక్రవారమే ఒప్పుకున్నాడు. మంగళవారం మధ్యాహ్నం వదిలేస్తే చాలు, బదులు ఆదివారం పొద్దున వస్తానన్నాడు. సరే, పైవాళ్లకు రాస్తానన్నాను. మీకు తెలీదా?"

"తెలీదు."

"కాగితం చేతికొచ్చేదాకా ఇంట్లో చెప్పనన్నాడు లెండి. మా చెల్లెలు లెక్కల టీచరు, నోటిమాట నమ్మదు అని నవ్వాడు."

కాగితం వచ్చిందా అని ఆమె అడిగింది.

"వచ్చిందమ్మా," అన్నాడు మేనేజరు. "ఆ బుధవారమే, పదింటికి."