ఇరవై లక్షల చుక్కల మీద అనుమానం

ఆ రోజుల్లో నన్ను మోసం చేయడం ఎవరి వల్లా కాదని నా గట్టి నమ్మకం. నన్ను మోసం చేద్దామని అసలు ఎవరైనా అనుకున్నారా అన్నది ఇప్పటి అనుమానం. ముప్పై నిండని వయసు, పదో తరగతితో ఆగిన చదువు, ఎవరూ చెప్పకుండా నాకు నేనే నేర్చుకున్న లెక్కలు. ఈ మూడూ ఒకచోట చేరితే మనిషి ఎలా తయారవుతాడో తెలియాలంటే అప్పటి నన్ను చూస్తే సరిపోయేది. హోటల్లో దోసె తెస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి, నిన్నటి దోసెకంటే చిన్నదేమోనని చూసేవాణ్ణి. బస్సులో వెళ్తూ టికెట్టు మీది దూరాన్ని రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళతో సరిచూసేవాణ్ణి. (ఒకసారి రాయిదే తప్పని తేల్చాను.)

ఉదయగిరిలో మాకు మేనమామ వరసయ్యే ఒకాయన ప్రెస్సులో నేను పనిచేసేవాణ్ణి. ఊళ్ళో అందరికీ ఆయన ప్రెస్సు మామే. మొదట నాది కటింగు మిషను దగ్గర పని. ఒక షీటులో ఎన్ని కార్డులు తెగుతాయో, ఎంత ముక్క వృథా పోతుందో కాగితం పెన్ను లేకుండా చెప్పేస్తున్నానని మామ మెచ్చుకుని, నన్ను తీసుకెళ్ళి కంప్యూటరు ముందు, ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. మాకు వచ్చేవన్నీ నామకరణాలు, గృహప్రవేశాల కార్డులు. పెద్ద పెళ్ళిళ్ళ కార్డులు మాత్రం ఆత్మకూరు వెళ్ళిపోయేవి. అలాంటిది సీతారామపురం వైపు నుంచి ఒక పెద్ద రైతు కుటుంబం పెళ్ళి కార్డు పని మాకిస్తామని కబురు పెట్టింది. సరిగ్గా అప్పుడే మా పాత డబ్బా మానిటరు గులాబీ రంగు తప్ప ఇంకో రంగు చూపించడం మానేసింది.

“ఆత్మకూరు పొయ్యి మంచి తెర ఒకటి పట్టుకురా. ఈ పెండ్లి కార్డు గాని చేజారిందంటే కంప్యూటరుకి గుడ్డ కప్పేసి నిన్ను మళ్ళా కటింగు మిషను కాడ నిలబెడతా” అన్నాడు మామ. అన్నాడంటే చేసే మనిషే. ఫ్యాను కింద కూర్చోవడం అలవాటైన ప్రాణం నాది. జేబులో కొలిచే టేపు పెట్టుకుని బస్సెక్కాను.

ఆత్మకూరు బస్టాండు దగ్గర కంప్యూటర్ల కొట్టు పెట్టినాయన్ని అందరూ కవరన్న అనేవారు. కొట్టులో ఏ వస్తువుకీ ప్లాస్టిక్ కవరు తీయనిచ్చేవాడు కాదు. కూర్చునే కుర్చీలకు కూడా కవర్లే, కూర్చుంటే కరకరమనేవి. ఆయన ఇరవై రెండు అంగుళాల తెర చూపించాడు. నేను టేపు తీసి అడ్డంగా కొలిచాను. పద్దెనిమిదీ ముప్పావు కూడా నిండలేదు.

“అన్నా, మూడు ఇంచీలు ఏమైనాయి?”

“అబ్బయ్యా, తెరని అట్టా కొలవరు. ఈ మూల నుంచి ఆ మూలకి కొలవాల.”

“మా ఊళ్ళో పొలాన్ని కూడా మూల నుంచి మూలకి కొలవరే?”

“నువ్వు దీంట్లో శెనక్కాయ ఎయ్యబోతున్నావా?”

మూల నుంచి మూలకి కొలిచాను. ఇరవై ఒకటిన్నర. అర అంగుళం తక్కువని చూపిస్తే ఆయన పెట్టె తిప్పి, అడుగున చీమ తల సైజు అక్షరాల్లో ఇరవై ఒకటిన్నర అని ఉన్నది చూపించాడు. నిజం చిన్న అక్షరాల్లో, అబద్ధం పెద్ద అక్షరాల్లో! నా అనుమానానికి రెక్కలొచ్చాయి.

అప్పుడాయన లోపల్నించి ఇంకో పెద్ద పెట్టె తెచ్చాడు. ఇరవై ఏడు అంగుళాలది. ఎవరో తెప్పించమని చెప్పి మళ్ళీ మొహం చూపించలేదట. “పడి ఉండాది. చిన్నదాని రేటుకే ఇస్తా, తీసకపో” అన్నాడు. పెద్ద వస్తువు చిన్న వస్తువు ధరకి ఇస్తానంటే నాలాంటివాడు ఊరుకుంటాడా? ఇందులో ఏదో ఉంది. రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి, వాటి మీద అచ్చైన ప్రతి ముక్కా చదివాను. చిన్నదాని మీద రిజల్యూషన్ 1920 x 1080. అంటే అడ్డంగా పంతొమ్మిది వందల ఇరవై చుక్కలు, నిలువుగా వెయ్యీ ఎనభై చుక్కలు. గుణిస్తే ఇరవై లక్షల పైచిలుకు. బొమ్మలైనా అక్షరాలైనా ఆ చుక్కలతోనే తయారవ్వాలి. పెద్దదాని మీద చూశాను. అదీ 1920 x 1080 తోనే ఆగిపోయింది!

దొరికాడు. అరచేతిలో పెన్నుతో లెక్క కట్టాను. చిన్నదానికి అంగుళానికి నూట రెండు చుక్కలు పడుతున్నాయి. పెద్దదానికి ఎనభై రెండు కూడా పడటం లేదు. ఉన్న చుక్కల్నే లాగి ఎక్కువ మేర పరిచారన్నమాట.

“అన్నా, ఇది పాలు కాదు, నీళ్ళు కలిపిన పాలు” అన్నాను, కొట్టులో ఉన్న గిరాకీలందరికీ వినపడేలా.

కవరన్న నన్ను పైనుంచి కిందికి చూశాడు. “నీకు పాలే పోస్తాలే. చిన్నదే తీసకపో. దూరం నుంచి చూసేవాళ్ళు ఎవురన్నా ఉండారా, ల్యారా అని మాత్రం ఆలోచించుకో.”

అంటగట్టలేకపోయిన వ్యాపారి మాటల్లాగే వినిపించాయి నాకు. చిన్న పెట్టెను ఒళ్ళో పెట్టుకుని (కండక్టరు పైన వేస్తానన్నాడు, వాణ్ణెలా నమ్మను?) ఉదయగిరికి వచ్చేశాను.

మా వైపు పెళ్ళి కార్డు అచ్చుకి వెళ్ళే ముందు ఇంటిల్లిపాదీ ప్రెస్సుకి వచ్చి చూసుకోవాలి. కాగితం మీద చూపిస్తే చాలదు, తెర మీదే చూడాలి. కాగితమైతే ఒకరి చేతిలోనే ఉంటుంది. తెరైతే కుర్చీ వెనక నిలబడి అందరూ ఒకేసారి చూడొచ్చు, ఎవరి పేరు ఎక్కడుందో ఎవరూ దాచలేరు. పేరు ఒక వరస కిందికి దిగితే ఆ కోపం మనవళ్ళ పెళ్ళిళ్ళ దాకా ఉంటుంది. కుటుంబ పెద్ద “అచ్చెయ్యి” అన్నాకే మిషను కదలాలి. ఈ పెళ్ళికి ఆ పెద్ద, పెళ్ళికొడుకు పెదనాయన. ఆయన చెప్పుల చప్పుడుకే మా మామ లేచి నిలబడ్డాడు.

మూడు తరాల పేర్లున్న కార్డును నేను తెర మీద పెట్టాను. ఎంత సన్నగా, ఎంత స్పష్టంగా ఉందో! ముక్కు తెరకు ఆనించి కూర్చున్న నాకు. వెనక నిలబడ్డవాళ్ళంతా కళ్ళు చికిలించారు.

“నా పేరు యాడుండాది?” అన్నాడు పెదనాయన.

“అదిగో పెదనాయనా, పైనే.”

“అది పేరా, చీమల బారా? ఇంత చిన్నగా ఏసినావంటే ఎవురన్నా చెప్పినారా నీకు? ఆడపిల్లోళ్ళు ముందే వచ్చి మాట్లాడుకోని పొయినారా?”

భయపడి కార్డును తెర మీద పెద్దది చేశాను. సగమే కనిపించింది. “కింద సగం ఎందుకు దాస్తుండావు?” అన్నాడాయన. కిందికి జరిపాను. “ఇప్పుడు పైన ఏం మారస్తుండావు?” నాకంటే అనుమానపు మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. నాకు తోచిన ఆఖరి ఉపాయం చేశాను. కంప్యూటరు లోపలికెళ్ళి, రిజల్యూషన్ అంకెల్ని మా పాత డబ్బా మానిటరుకి వాడిన 800 x 600 కి దించాను. చుక్కలు తగ్గిస్తే అక్షరాలు పెద్దవవుతాయన్నది నా లెక్క. అయ్యాయి. కానీ ఎత్తుకంటే పక్కలకే ఎక్కువ. పాత తెర చదరానికి దగ్గర, ఇది అడ్డంగా పొడుగాటిది. ఆ తక్కువ చుక్కల బొమ్మను తెచ్చి, ఈ పొడుగంతా నిండేలా అడ్డంగా లాగేసింది. అక్షరాలకు మంచు పట్టింది. పైన వినాయకుడు మరో వినాయకుణ్ణి కలుపుకున్నంత వెడల్పయ్యాడు. మధ్యలో పెళ్ళికొడుకు ఫోటో ఉంది.

వాళ్ళ అవ్వ కళ్ళజోడు సర్దుకుని దగ్గరికొచ్చింది. “ఈడెవుడురా? మా అబ్బిగాడు ఇంత లావెప్పుడైనాడు? వేరేవోళ్ళ పిల్లోణ్ణి పెట్టి మాకు అంటగట్టాలని చూస్తుండావా?”

“మీవాడే అవ్వా, తెర లాగింది.”

“తెర లాగేదేంది, నీ మొహం!”

పెదనాయన భుజం మీది తుండు దులిపి వేసుకున్నాడు. “ఎల్లుండి మళ్ళా వస్తాం. అప్పుడు గూడా ఇట్టనే ఉంటే నేరుగా ఆత్మకూరే” అని మెట్లు దిగాడు.  మామ కంప్యూటరు మీద కప్పే గుడ్డ తీసి, దులిపి, మడతపెట్టి నా ముందు బల్ల మీద ఉంచాడు.

మరునాడు మొదటి బస్సుకే ఆత్మకూరు చేరాను. కవరన్న పెట్టె చూశాడు, నన్ను చూశాడు, బల్ల కింద నుంచి తన టేపు తీశాడు. నా తెరను అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకి కొలిచాడు.

“ఏంది కొలుస్తుండావన్నా?”

“ఇంచీలు సరింగా తెచ్చినావో, ఒకటి ఇంట్లో పెట్టుకోని వచ్చినావో చూసుకోవద్దా? చుక్కలు మాత్రం నువ్వే లెక్కపెట్టి అప్పజెప్పాల.”

 ఆయన నవ్వేసి, ఆ ఇరవై ఏడు అంగుళాలది పైసా అడగకుండా మార్చి ఇచ్చాడు. (ఎందుకంత సంతోషంగా ఇచ్చాడా అని తిరుగు బస్సులో, మర్రిపాడు వైపు లారీలు ఎదురొచ్చినంతసేపూ ఆలోచిస్తూనే వచ్చాను.) ప్రెస్సులో బిగించి, పెట్టె మీద ఉన్న అంకెలే కంప్యూటరు లోపలా పెట్టి చూశాను. చుక్కలు ఒక్కటీ పెరగలేదు. కార్డు మాత్రం నాలుగో వంతు పెరిగింది. పెళ్ళికొడుకు సన్నబడ్డాడు.

అన్నట్టే వాళ్ళు మళ్ళీ వచ్చారు. నన్ను ఎప్పుడు కుర్చీలోంచి లేపుతాడో అని నేను మామ వంకే చూస్తున్నాను. పెదనాయన వెనక నిలబడి, మొదటి పేరు నుంచి ఆఖరి పేరు దాకా గొంతెత్తి చదివాడు. చదివి ఊరుకోలేదు. ముందుకొచ్చి, తమ వైపు పేర్ల మీదా ఆడపిల్లవాళ్ళ పేర్ల మీదా జాన పెట్టి కొలిచాడు. అటు ఇటు సమానంగానే వచ్చింది. ఇంకోసారి కొలిచాడు. ఆ పెద్దమనిషి మీద నాకు ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది.

“అచ్చెయ్యి” అన్నాడు.

మామ ఆ గుడ్డ తీసుకెళ్ళి సైకిలు తుడుచుకున్నాడు. నేను ఫ్యాను కిందే ఉండిపోయాను.

ఇప్పటికీ కంప్యూటరు ముందే నా బతుకు. కళ్ళజోడు రెండోసారి మారింది, తెర మీద అక్షరాలు ఇంట్లోవాళ్ళు వెక్కిరించేంత పెద్దవయ్యాయి. చీమ తలంత అక్షరాన్ని రెప్ప వేయకుండా చదివి, లోకం చేసే మోసాన్నంతా పట్టేశానని పొంగిపోయిన ఆ కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాడి లెక్కలు నాకేమీ అక్కర్లేదు. ఆ కళ్ళు మాత్రం ఒక్క పూటకి ఇస్తే బాగుండుననిపిస్తుంది. ఇవ్వడులెండి. నేనే వెళ్ళి అడిగినా, నన్ను పైనుంచి కిందికి చూసి, తిరిగిస్తానని నమ్మకమేంటని అడిగే రకం వాడు.